పుస్తకం తెరవకుండా పాడిన పాట: ఓల్డ్ హండ్రెడ్త్

ఇంగ్లీషు ఆరాధన జరిగే పాత సీఎస్ఐ గుళ్లకు చిన్నప్పట్నుంచీ వెళ్లినవాళ్లకు ఈ సన్నివేశం బాగా ఎరుకే. కానుకల సంచులు చివరి బెంచీ దాకా వెళ్లి తిరిగొస్తుంటాయి. అప్పటిదాకా మెల్లగా ఏదో నడిపిస్తున్న ఆర్గన్ ఆగుతుంది. సంచులు బల్ల దగ్గరికి చేరే వేళకు ఒక్కసారి నిండుగా ఒక కార్డ్, అంటే కలిపి నొక్కిన కొన్ని స్వరాల గుత్తి, మోగుతుంది. జనం లేచి నిలబడతారు. పాట నంబరు ఎవరూ చెప్పరు, పుస్తకం ఎవరూ తెరవరు. ‘ప్రెయిజ్ గాడ్ ఫ్రమ్ హూమ్ ఆల్ బ్లెసింగ్స్ ఫ్లో’ అంటూ నాలుగే నాలుగు వరుసలు. ముప్పావు నిమిషం కూడా పట్టదు. ఇంగ్లీషు అక్షరం రాని పెద్దమ్మలు కూడా మాటలు అటూఇటూ అయినా స్వరం మాత్రం తప్పకుండా పాడేసేవారు.

ఆ నాలుగు వరుసలూ రాసింది థామస్ కెన్ అనే ఆంగ్లికన్ బిషప్పు, పదిహేడో శతాబ్దంలో. వించెస్టర్ కాలేజీ పిల్లలు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, నడిరాత్రి ఒకటి పాడుకోవాలని మూడు పాటలు రాసి, మూడింటి చివరా ఒకే చరణం పెట్టాడు. లోకానికి మిగిలింది ఆ చివరి చరణమే. రాగం మాత్రం ఆయనది కాదు. ఆయన పుట్టకముందు నుంచే అది బైబిల్లోని నూరో కీర్తనది. దాని పేరే ఓల్డ్ హండ్రెడ్త్, అంటే పాత నూరు.

తమాషా ఏమిటంటే, పుట్టినప్పుడు అది నూరో కీర్తనది కూడా కాదు. 1551లో జెనీవాలో అచ్చయిన ఫ్రెంచి కీర్తనల పుస్తకంలో ఈ రాగం 134వ కీర్తనకు కట్టి ఉంది. రాత్రివేళ మందిరంలో నిలబడి సేవ చేసేవాళ్లారా, దేవుణ్ణి స్తుతించండి అనే మూడు వచనాల చిన్న కీర్తన అది. దాన్ని ఫ్రెంచి పద్యంగా మలిచినవాడు థియోడర్ బేజా. రాగం కట్టింది లూయీ బూర్జ్వా అంటారు. ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ ఏలుబడిలో ఉన్న గుళ్లలో పిల్లలకూ పెద్దలకూ పాట నేర్పే పని అతనిది. ఆ గుళ్లలో వాద్యం లేదు, క్వయర్ అనే పాటల బృందం లేదు. కూలివాడూ, వర్తకుడూ, వాళ్ల పెళ్లాలూ పిల్లలూ అందరూ కలిసి ఒకే గొంతుగా, ఒకే వరుసలో పాడాలి. ఒక్కో గొంతూ ఒక్కో వరస పాడే నాలుగు గొంతుల హార్మొనీలు ఇంట్లో పాడుకోవడానికే. ఈ రాగం తయారైన తీరు అర్థం కావాలంటే ఆ గుడిని మనసులో పెట్టుకోవాలి.

బూర్జ్వాకు ఆ ఏడాదే ఒక చిక్కు వచ్చింది. జనం అప్పటికే నేర్చుకున్న కొన్ని కీర్తనల రాగాలను అనుమతి లేకుండా మార్చాడని 1551 డిసెంబరు 3న జైల్లో పెట్టారు. కాల్విన్ కలగజేసుకోవడంతో బయటపడ్డాడు. మరుసటి ఏడాదే ఊరు విడిచి వెళ్లిపోయాడు. గుడిలో అలవాటైన రాగాన్ని కదిలిస్తే జనానికి ఎంత కోపం వస్తుందో తెలిసిన మ్యూజిక్ డైరెక్టర్లు ఈ ముచ్చట విని నవ్వుకుంటారు.

ఇంగ్లండులో కాథలిక్ అయిన మేరీ ట్యూడర్ రాణి కాలంలో, 1553 నుంచి 1558 దాకా, ప్రొటెస్టెంట్లు ప్రాణభయంతో పారిపోయి జెనీవా లాంటి ఊళ్లు చేరారు. వాళ్లలో ఒకడు విలియం కెత్. అక్కడ చెవిన పడ్డ ఈ రాగానికి సరిపోయేలా నూరో కీర్తనను ఇంగ్లీషు పద్యం చేశాడు. ‘ఆల్ పీపుల్ దట్ ఆన్ ఎర్త్ డూ డ్వెల్’ అని మొదలయ్యే ఆ పాట 1561 నాటికి అచ్చులోకి వచ్చింది, 1564 నాటి స్కాటిష్ కీర్తనల పుస్తకంలో చేరింది. అప్పట్నుంచి ఈ రాగం నూరో కీర్తన సొత్తు. 1696లో టేట్, బ్రేడీ అనే ఇద్దరు కొత్త అనువాదం తెచ్చాక, అంతకుముందుదంతా పాతదైపోయింది కాబట్టి రాగం పేరుకు ముందు ‘ఓల్డ్’ వచ్చి చేరింది.

మన బైబిల్లో నూరో కీర్తన అయిదే వచనాలు. ‘సమస్త దేశములారా, యెహోవాకు ఉత్సాహధ్వని చేయుడి’ అని మొదలవుతుంది. ‘మనము ఆయన ప్రజలము ఆయన మేపు గొఱ్ఱెలము’ దాకా వచ్చి, గుమ్మాల్లో ప్రవేశించి, ‘ఆయన సత్యము తరతరములుండును’ అని ముగుస్తుంది. కెత్ అయిదు వచనాలనూ నాలుగు చరణాల్లో సర్దాడు. ఒక్కో చరణానికి నాలుగు వరుసలు, వరుసకు ఎనిమిది అక్షరాలు. దీన్నే పాటల పుస్తకాల్లో లాంగ్ మీటర్ అంటారు. రాగం పేరు పక్కన ఎల్.ఎం. అని ఉంటే అదే. వరుసకు ఎనిమిది అక్షరాలున్న ఏ పాటయినా దీనికి లెక్కకు సరిపోతుంది, కెన్ చరణం దీని మీద కూర్చున్నది అలాగే. లెక్కకు సరిపోవడం వేరు, పాడితే అమరడం వేరు. ఆ సంగతి తర్వాత.

ముందు రాగం చూద్దాం. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు స్వరాలు. మన స్వరాల్లో రాస్తే ఇంతే:

స స ని ద ప స రి గ
గ గ గ రి స మ గ రి
స రి గ రి స ద ని స
ప గ స రి మ గ రి స

మొదటి వరుసలోని ని ద ప, మూడో వరుసలోని ద ని కింది స్థాయివి. చివరి వరుస మొదట్లో ఉన్న ప పైది, అంటే మధ్య స్థాయి పంచమం. స్వరాలన్నీ శంకరాభరణంవే. శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. ఐదు శృతిలో హార్మోనియం మీద వాయిస్తే ఒక్క ని మాత్రమే నల్ల మెట్టు మీద పడుతుంది, మిగతావన్నీ తెల్లవే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ నల్ల మెట్టు మరిచిపోయి దాని పక్క తెల్లదాన్ని నొక్కుతారు. కైశికి నిషాదం పడి పాట హరికాంభోజిలోకి జారుతుంది. మూడో స్వరంలోనే జరుగుతుంది కాబట్టి వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, పాడేవాళ్లు తడబడతారు.

ఈ ముప్పై రెంటినీ మెల్లగా ఒక్కొక్కటే నొక్కుతూ చూడండి. కింది ప మొత్తం పాటలో ఒక్కసారే వస్తుంది, మొదటి వరుస మధ్యలో. పై ప కూడా ఒక్కసారే, చివరి వరుస మొదట్లో. ఆ రెండింటి మధ్య దూరం ఒక స్థాయి. ముసలివాళ్లకైనా పిల్లలకైనా ఒక స్థాయి అందుతుంది. ఇక అడుగులు. దాదాపు అన్నీ పక్క స్వరానికి వేసేవో, ఉన్నచోటే నిలిచేవో. వరుస లోపల గెంతులు ఆరే ఉన్నాయి. మొదటి వరుసలో ప నుంచి స, రెండో వరుసలో స నుంచి మ, మూడో వరుసలో స నుంచి కిందికి ద, చివరి వరుసలో ప గ, గ స, రి మ. ఇవి కాక మూడో వరుస ముగిసి నాలుగోది మొదలయ్యే చోట స నుంచి ప దాకా పెద్ద గెంతు ఒకటి. అంతే. వాద్యం తోడు లేకుండా, చదువురాని జనం, ఒక్క వినికిడితో పట్టుకోవడానికి కట్టిన రాగం కాబట్టి గెంతుల్లో ఇంత పొదుపు.

వరుసల చివర్లు కూడా చూడండి. మొదటిది గ మీద ఆగుతుంది, రెండోది రి మీద, మూడోదీ నాలుగోదీ స మీద. గ మీద ఆగితే మాట ఇంకా ఉందనిపిస్తుంది, రి మీద ఆగితే ఎవరో ఏదో అడిగి జవాబు కోసం చూస్తున్నట్టుంటుంది. మూడో వరుస స మీదికి వచ్చి ఇల్లు చేరినట్టే చేరుతుంది. పాట అయిపోయిందనుకునే చోట నాలుగో వరుస ఒక్కసారిగా పై ప నుంచి మొదలవుతుంది. అక్కడున్న మాటలు కెత్ పాటలో ‘కమ్ యీ బిఫోర్ హిమ్ అండ్ రిజాయిస్’. రండి, ఆయన సన్నిధికి రండి, సంతోషించండి అనే పిలుపు. పిలుపు పాటలోకెల్లా ఎత్తయిన స్వరం మీద పడింది. 134వ కీర్తనకు కట్టిన రాగంలో నూరో కీర్తన మాట ఇంత చక్కగా వచ్చి కూర్చోవడం కెత్ చెవికి దక్కిన గొప్ప.

తప్పులు పడేది కూడా సరిగ్గా ఈ గెంతుల దగ్గరే. రెండో వరుసలో స నుంచి మ ఎక్కాల్సిన చోట సగం మంది ప దాకా పోతారు. శృతిపెట్టెలో ప మోగుతుంటే మరీ, చెవి దానివైపే లాగుతుంది. పైగా తర్వాత వచ్చేది గ కాబట్టి ప నుంచి గ దిగినా విడిగా వినడానికి బాగానే ఉంటుంది, తప్పని తోచదు. క్వయర్‌కు నేర్పేటప్పుడు ‘స రి గ మ’ అని మెట్లన్నీ ఎక్కించి, తర్వాత మధ్య రెండూ మనసులో పాడుకోమని, ‘స... మ’ అని గెంతించాలి. మూడో వరుసలో స నుంచి ద కు దిగేచోట గొంతులు అలవాటు కొద్దీ ని మీద ఆగిపోతాయి. అప్పుడు తర్వాతి స్వరం కూడా ని యే కాబట్టి రెండు ని లు పడి, మాట సాగి, వరుస చప్పగా తేలుతుంది.

పై ప సంగతి వేరు. అది తప్పడానికి కారణం చెవి కాదు, ఊపిరి. మూడో వరుస చివరి స ను తీరుబడిగా సాగదీసి, ఊపిరి తీసుకునే సందు లేకుండా నాలుగో వరుసలో పడతారు. గొంతు ప దాకా అందదు, గ మీదో మ మీదో ఆగుతుంది. ఆడవాళ్లు అందుకుంటారు, మగవాళ్లు కింద ఉండిపోతారు, రెండు స్వరాలు ఒకేసారి వినిపిస్తాయి. మందు చిన్నదే. మూడో వరుస చివరి స్వరాన్ని పూర్తిగా నిలపకుండా సగంలో తుంచి, ఆ సందులో నోటితో ఊపిరి పీల్చాలి. వాయించేవాళ్లు కూడా అక్కడ చేతులు ఎత్తాలి. ఆర్గన్ ఆగకుండా మోగుతుంటే జనం ఊపిరి తీయరు, ఇది ఏ గుడిలోనైనా అంతే. స ప ల మధ్య దూరం మన చెవులకు కొత్త కాదు. తంబురా మోగినంతసేపూ వినేది అదే. కాబట్టి ఊపిరి ఉంటే చాలు, స్వరం దానంతటదే దొరుకుతుంది.

శృతిపెట్టె గురించి ఒక మాట. ఒట్టి రాగం పాడితే స ప శృతి హాయిగా ఉంటుంది. కార్డ్స్ వాయిస్తే మాత్రం ఆపేయాలి. రెండో వరుస చివరి రి కింద పడే కార్డ్ ప ని రి. శృతిలో మోగే స, కార్డ్‌లోని ని పక్కపక్క మెట్లు, ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఎక్కడో ఏదో బాగాలేదని తెలుస్తుంది, కారణం తెలియక పాడేవాళ్లను తిడతారు.

గమకం కూడా వద్దు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు శంకరాభరణం అనగానే రి, మ అనే స్వరాలను ఊపుతారు. ఒక్కరే పాడుకుంటే అందంగానే ఉంటుందేమో, రెండు వందల మంది పాడే చోట ఎవరి ఊపు వాళ్లది అయితే స్వరం బురదవుతుంది. సూటిగా నిలపాలి.

ఇక లయ. అసలు రగడంతా ఇక్కడే. జెనీవా అచ్చులో ఈ రాగం స్వరాలన్నీ ఒకే పొడవున లేవు. మొదటి స్వరం రెండు లెక్కలు, తర్వాతి నాలుగూ ఒక్కొక్క లెక్క, చివరి మూడూ రెండేసి లెక్కలు. రెండు, నాలుగు, ఆరు కలిపి వరుసకు పన్నెండు. మొదటి మూడు వరుసలూ ఇదే నడక. నాలుగో వరుస పుస్తకానికో తీరుగా కనిపిస్తుంది. నిమిషానికి ఎనభై లెక్కల వేగంలో పాడితే వరుసకు తొమ్మిది సెకన్లు, ఊపిళ్లతో కలిపి చరణానికి నలభై. నడకలో నడుమ ఒక పరుగు, చివర ఒక నిలకడ ఉంటాయి. ఇలాంటి రాగాలను ఇంగ్లండులో కొందరు ‘జెనీవా జిగ్గులు’ (జిగ్ అంటే గంతులేసే ఆట) అని ఎగతాళి చేశారంటే అవి ఎంత చురుగ్గా ఉండేవో ఊహించుకోవచ్చు. మనం గుళ్లలో విన్న బరువైన పాటకూ ఆ మాటకూ పొంతన కుదరదు.

బరువు తర్వాత వచ్చి చేరింది. 1640ల్లో వెస్ట్‌మినిస్టర్ పెద్దల సభ తయారు చేసిన ఆరాధన క్రమంలో, చదవలేనివాళ్లు ఎక్కువగా ఉన్న చోట ఒకరు ఒక్కో వరుసా చదివి వినిపించాలి, జనం పాడాలి అని రాశారు. స్కాట్లండులో ఆ పని చేసేవాణ్ణి ప్రిసెంటర్ అనేవారు. చెప్పడం, పాడటం, మళ్లీ చెప్పడం. వరుసకూ వరుసకూ మధ్య పాట తెగుతుంది, వేగం పోతుంది, ఒక్కో స్వరం ఒక్కో ఊపిరంత సాగుతుంది, ఆ సాగిన చోట ఎవరికి తోచిన అల్లికలు వాళ్లు వేస్తారు. మన ఊళ్లలో భజన గురువు ముందంటే వెనకవాళ్లు అందుకోవడం లాంటిదే గానీ అక్కడ తాళం లేదు, పట్టుకునేవాడు లేడు. స్కాట్లండు లూయిస్ దీవిలో గేలిక్ భాషలో పాడే కీర్తనలు ఈనాటికీ ఆ పద్ధతిలోనే ఉన్నాయి. వింటే సముద్రం పొంగినట్టుంటుంది, అది వేరే అందం. ఇంగ్లండు, అమెరికా గుళ్లలో మాత్రం ఇది గందరగోళానికి దారితీసింది. 1720ల్లో న్యూ ఇంగ్లండులో, నోటు చూసి పాడటం నేర్పాలి అని పాస్టర్లు పట్టుబట్టి పాటల బడులు పెట్టించారు.

ఈ సాగతీతలో చిన్నా పెద్దా తేడా పోయి స్వరాలన్నీ సమానమయ్యాయి. పందొమ్మిదో శతాబ్దపు పాటల పుస్తకాల్లో చాలావాటిలో ఎనిమిదికి ఎనిమిదీ ఒకే పొడవు. మిషనరీల చేతుల్లో ప్రపంచమంతా తిరిగిందీ, మన దగ్గర ఎక్కువగా వినబడిందీ ఈ సమానపు నడకే. ఇప్పటి పుస్తకాలు కొన్ని రెండు రూపాలూ అచ్చు వేస్తున్నాయి. పాడి చూసినవాళ్లకు మొదటిదే మేలనిపిస్తుంది, ఇందులో మొహమాటం అక్కర్లేదు. సమానంగా పాడితే గొప్పగా ఉంటుంది, గంభీరంగా ఉంటుంది, నిజమే. కానీ అది సంతోషంగా రండి అని పిలిచే పాట. గంభీరంగా పిలిస్తే ఎవరు వస్తారు?

సమానపు నడకకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎనిమిది స్వరాలు కదా అని కీబోర్డులో ఆది తాళం లాంటి ఎనిమిది దెబ్బల బీట్ పెట్టేస్తారు. లెక్క కచ్చితంగా సరిపోతుంది, అదే ప్రమాదం. ఎనిమిదో దెబ్బ అయిన వెంటనే తొమ్మిదో దెబ్బకు కొత్త వరుస. ఊపిరికి చోటు లేదు. రెండు చరణాలు గడిచేసరికి జనం సగం దెబ్బ వెనకబడతారు, మిషను ఆగదు. బీట్ పెట్టే తీరాలంటే వరుస చివర నాలుగు దెబ్బలు ఖాళీ వదిలి పన్నెండు చేసుకోవాలి. అసలు బీటే లేకుండా పాడటం ఇంకా మంచిది.

తెలుగులో పాడదామని చూసినవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద నడుస్తుంది, మనది గురులఘువుల మీద. అక్షరాలు ఎనిమిది అయితే చాలదు. ‘ప్రభువును స్తుతించుడి’ తీసుకోండి. లెక్కకు ఎనిమిదే. పన్నెండు లెక్కల నడకలో పెట్టి పాడితే మొదటి ‘ప్ర’ రెండు లెక్కలు సాగి ‘ప్రా’ అవుతుంది. చివరి ‘చు’, ‘డి’ రెండూ సాగి ‘చూడీ’ అవుతాయి. దేవుణ్ణి స్తుతించమంటున్నామా, ఏదో చూడమంటున్నామా తెలియదు. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఈ నడకకు కావాల్సింది ఒక గురువు, నాలుగు లఘువులు, మూడు గురువులు. ‘దేవుని దరి చేరండీ’ అని పాడి చూడండి. దే దగ్గర నిలిచి, వు ని ద రి చకచకా నడిచి, చే రం డీ మీద మళ్లీ నిలుస్తుంది. ‘సంతసముగ పాడండీ’ కూడా అంతే. ఒక్క అక్షరం కూడా సాగదు, నలగదు. పూర్తి పాట రాయాలనుకునేవాళ్లు ముందు ఈ కొలత కాగితం మీద గీసుకుని, ఆ మీదే మాటలు వెతుక్కోవాలి. మాటలు రాసేసి తర్వాత రాగంలో ఇరికిస్తే దీర్ఘాలు విరుగుతాయి, హ్రస్వాలు సాగుతాయి. సమానపు నడకలోనైతే అంత ఘోరం జరగదు గానీ గురువూ లఘువూ ఒకటైపోయి తెలుగు తెలుగులా వినబడదు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. పురుషోత్తమ చౌదరి లాంటి పందొమ్మిదో శతాబ్దపు కవులు క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాల్లోనే కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉండేది అందుకే. పాత నూరు మన దగ్గర ఎక్కువగా ఇంగ్లీషు మాటలతోనే ఉండిపోవడం వింతేమీ కాదు.

హార్మొనీ కట్టినవాళ్ల జాబితా పెద్దది. పదహారో శతాబ్దంలో క్లోడ్ గూడిమెల్ జెనీవా కీర్తనలన్నింటికీ నాలుగు గొంతుల వరుసలు రాశాడు. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ల మీద సెంట్ బార్తలోమ్యూ ఊచకోత జరిగిన 1572లోనే, లియోన్‌లో అతన్ని చంపేశారు. జర్మను స్వరకర్త బాఖ్ ఈ రాగం మీద 1724లో ఒక కాంటాటా, అంటే గొంతులూ వాద్యాలూ కలిసిన పెద్ద పాట, కట్టాడు, జర్మను మాటలతో. ఇంగ్లండులో జాన్ డౌలాండ్ కట్టిన వరుస 1621 నాటి రేవెన్స్‌క్రాఫ్ట్ పుస్తకంలో ఉంది. అందులో అసలు రాగం పైన ఉండదు, మగవాళ్ల టెనార్ గొంతులో నడుస్తుంది. ఆడవాళ్లు దాని పైన వేరే వరుస పాడతారు. మొదటిసారి వినేవాళ్లు రాగం ఎటు పోయిందని వెతుక్కుంటారు.

1953 జూన్ 2న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు, కానుకలిచ్చే వేళ ఈ పాటే పాడారు. పట్టాభిషేకంలో వచ్చిన జనమంతా కలిసి పాడిన కీర్తన అదే మొదటిది. స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ దాన్ని ఆర్గన్‌కూ, ఆర్కెస్ట్రాకూ, ట్రంపెట్లకూ కట్టాడు. ఆ కట్టడంలో ఒక తెలివి ఉంది. చరణం చరణానికీ శబ్దం పెంచుకుంటూ పోతే చివరికి అరుపే మిగులుతుంది. అందుకని నాలుగో చరణం దగ్గర వాద్యాలన్నీ ఆపి, క్వయర్ చేత మెల్లగా ఆ డౌలాండ్ వరుస పాడించాడు. ఆ తర్వాత చివరి చరణానికి అందరూ, అన్నీ ఒక్కసారిగా. ట్రంపెట్లు లేని చిన్న గుడిలో కూడా ఇది చేయొచ్చు. ఒక చరణానికి వాద్యం పూర్తిగా ఆపేసి జనాన్ని వాళ్ల గొంతులకు వదిలేయండి. చివరి చరణానికి మళ్లీ ఎత్తుకోండి. శృతి జారిపోతుందేమోనన్న భయం సహజమే. ఆ చరణం చివరి స దగ్గర అర మెట్టు దిగి ఉంటారు, మరీ దిగితే ఒక మెట్టు. ఆర్గన్ అందుకోగానే సర్దుకుంటారు.

వాయించేవాళ్లకు మరికొన్ని. ముందు వాయించే వరుస ఏదో ఎంచుకోవడంలో తేడా వస్తుంది. మొదటి వరుస వాయిస్తే గ మీద ఆగుతుంది, జనం రెండో వరుస ఎత్తుకునే ప్రమాదం ఉంది. చివరి వరుస వాయించండి. స మీద ముగుస్తుంది, పాట మొదలయ్యేది కూడా స మీదే. వేగం కూడా అక్కడే చెప్పేయాలి. ముందు నింపాదిగా వాయించి పాటలో పరుగెత్తించాలని చూస్తే జనం మాట వినరు.

ఎడమ చేత్తో బెల్లోస్ లాగే హార్మోనియం అయితే కార్డ్స్ అన్నీ కుడి చేతికే దక్కుతాయి. ప్రతి స్వరానికీ కార్డ్ మార్చాలని తాపత్రయపడొద్దు. వరుసల చివర్లు గట్టిగా పడితే చాలు. మొదటి వరుస చివరి గ కు స గ ప. రెండో వరుస చివరి రి కు ప ని రి. మూడో వరుస చివరి రెంటికీ ప ని రి, స గ ప. చివరి వరుసలో మ గ రి స అనే నాలుగు స్వరాలకూ మాత్రం నాలుగు కార్డ్స్ మార్చాల్సిందే: మ ద స, స గ ప, ప ని రి, మళ్లీ స గ ప. ఈ నాలుగూ శుభ్రంగా పడితే మధ్యలో చేసిన తప్పులు ఎవరికీ గుర్తుండవు. కాళ్లతో తొక్కే పాత ఆర్గన్ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి ఎడమ చేత్తో కింది స్థాయి స్వరం ఒక్కటి కలిపినా నిండుదనం వస్తుంది. అయితే పై ప దగ్గర కాళ్లు ఆపకూడదు. గాలి తగ్గిందంటే ఆ ఒక్క స్వరమే మొదట నీరసపడుతుంది, జనం దాన్ని పట్టుకునే పాడాలి మరి.

ఆమేన్ పాత పుస్తకాల్లో ఉండేది, కొత్తవాటిలో చాలావరకు తీసేశారు. పాడాలనుకుంటే రెండు కార్డ్స్: ‘ఆ’ కు మ ద స, ‘మేన్’ కు స గ ప. పై గొంతువాళ్లకు రెండూ స యే, కదలక్కర్లేదు. కింది గొంతులు మాత్రమే కదులుతాయి. పై గొంతువాళ్లు కూడా ఏదో కదలాలనుకుని రి అంటించడం మామూలు పొరపాటు.

శృతి విషయానికొస్తే, చాలా పుస్తకాల్లో ఐదు శృతిలో, అంటే జి లో ఉంటుంది. కొన్నింట్లో ఆరు. ఆరు శృతిలో పై ప మగవాళ్లకు కష్టం, ఉదయం ఎనిమిది గంటల ఆరాధనలో ఆడవాళ్లకూ కష్టమే. గొంతులు విచ్చుకుని ఉండవు. పెద్ద వయసువాళ్లు ఎక్కువగా ఉన్న చోట నాలుగు శృతికి దించేయండి. అప్పుడు ని తెల్ల మెట్టు మీదికి వస్తుంది, నల్లది మ కు మారుతుంది. కింది ప మరీ లోతుకు పోతుంది గానీ ఒక్కసారే వచ్చే స్వరం, దాటిపోతుంది. నాలుగు కంటే కిందికి మాత్రం వద్దు. మొదటి వరుస గొణుగుడులా మొదలవుతుంది, అలా మొదలైన పాట నాలుగో వరుసలో కూడా లేవదు.